బీరువాలో ఆగిపోయే వాచీలు

సబా అల్ సలేంలో మా వీధి చివరి విల్లాలో ఒక తమ్ముడు డ్రైవరుగా పనిచేస్తాడు. రాజంపేట దగ్గరి పల్లె. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళింట్లో అందరూ భోంచేసి నడుం వాల్చాక అతనికి ఓ రెండు గంటలు తీరిక దొరుకుతుంది. అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి టీ తాగి పోతుంటాడు. మొన్న సెలవు మీద ఊరికెళ్ళి వచ్చాక, జేబురుమాల్లో చుట్టిన ఒక వాచీ తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు.

"అన్నా, ఇది సూడు. సెల్లు మార్పిచ్చినా తిరగడంలా. మా నాయనది."

బంగారు రంగు చైను, తెల్ల డయలు. ఒక్క గీత లేదు. అద్దం మీద అంటించి పంపే పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా ఓ మూల ఇంకా అతుక్కునే ఉంది. కువైట్‌కి వచ్చిన మొదటి ఏడాది జీతంలో మిగిల్చి కొన్నాడట. వాళ్ళ నాయన దాన్ని చేతికి పెట్టుకున్నది రెండే రెండు సార్లు, రెండూ పెళ్ళిళ్ళే. "పాడయిపోతాదని పెట్టుకోలా అన్నా. బీరువాలో చీరల మధ్యన దాసిపెట్టినాడు."

వెనక మూత తీసి చూస్తే, సెల్లు కూర్చునే చోట తెల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా పొక్కు కట్టి ఉంది. పెట్టుకుంటే పాడవుతుందని దాచిన వాచీ దాచడం వల్లే పాడయింది.

నేను వాచీ మెకానిక్‌ని కాను. లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. ఇంట్లో ఒక కంటి భూతద్దం, నాలుగు సన్న స్క్రూడ్రైవర్లు, మూత తీసే కత్తి ఉన్నాయి. సెల్లు మారుస్తాను, చైను కడుగుతాను, బెల్టు వేస్తాను. అంతకుమించి లోపలికి వేలు పెట్టను. ఎందుకు పెట్టనో తర్వాత చెబుతాను, అదొక పాత అవమానం.

ముందు ఈ సెల్లు సంగతి. నా దగ్గరికి వచ్చే ఆగిపోయిన వాచీల్లో చాలామటుకు దీని బాధితులే. సెల్లుతో నడిచే వాచీ లోపల చిన్న స్ఫటికం ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండుని రెండుతో హెచ్చవేస్తూ పోతే పదిహేనో మెట్టున వచ్చే అంకె అది. లోపలి సర్క్యూటు ఆ అంకెను సగం, సగంలో సగం చేసుకుంటూ పదిహేను మెట్లు దిగి, సెకనుకు ఒక్క దెబ్బగా మార్చి ముల్లుని కదిలిస్తుంది. 1969 డిసెంబరు 25న టోక్యోలో సైకో వాళ్ళు ఆస్ట్రాన్ అనే పేరుతో ఇలాంటి చేతి గడియారాన్ని మొదటిసారి అమ్మారు. అప్పట్లో దాని ఖరీదు ఓ కారు ఖరీదుకి దగ్గరగా ఉండేది. ఇప్పుడు అదే పనితనం చిన్నపిల్లల బొమ్మ వాచీలో కూడా ఉంది.

ఈ ఏర్పాటుకి నూనెల గోల తక్కువ, కీ ఇచ్చే పని లేదు. ఒకటే జబ్బు. సెల్లు అయిపోయాక కూడా లోపలే ఉండిపోతే, కొన్నాళ్ళకి దాని అంచు నుంచి క్షారం కారుతుంది. అది రాగి తీగ చుట్టలోకి పాకుతుంది. ఆ తీగ మన తలవెంట్రుక కంటే సన్నం. ఒక్క చోట తినేసిందంటే ఎన్ని కొత్త సెల్లులు వేసినా ముల్లు కదలదు. అందుకని ఆగిన వాచీని అలాగే దాచకండి. దాచాలనుకుంటే సెల్లు తీయించి దాచండి. కీ బయటికి లాగి పెడితే సెల్లు మిగులుతుందని కొందరంటారు. నిజమే, ఖర్చు తగ్గుతుంది, కానీ ముసలిదైన సెల్లు కారకుండా ఉండటానికి అది సరిపోదు. కొన్ని వాచీలు ముందుగానే చెబుతాయి కూడా. సెకన్ల ముల్లు ఒక్కో సెకనూ నడవకుండా రెండేసి సెకన్లకో గెంతు వేస్తుంటే, సెల్లు చివరికి వచ్చిందని అర్థం. దాన్ని చూసి వాచీ ఆడుకుంటోందనుకున్న మహానుభావుణ్ణి నేనెరుగుదును.

సెల్లుల్లో రెండు జాతులున్నాయి. ఒకే కొలత, ఒకే మెరుపు. వాచీలో ఎక్కువగా వాడే చిన్న సైజు తీసుకుంటే, ఎస్ఆర్ 626 అని రాసి ఉన్నది సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు. చివరిదాకా దాదాపు అదే బలంతో ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. ఎల్ఆర్ 626 అనో, ఏజీ 4 అనో ఉన్నది ఆల్కలైన్. బొమ్మలకీ, టార్చిలకీ వాడేది. అట్ట మీద పది అంటించి చవకగా అమ్ముతారు. అదీ వాచీలో కూర్చుంటుంది, నడిపిస్తుంది, కానీ త్వరగా నీరసించి, త్వరగా కారుతుంది. సెల్లు మార్పించేటప్పుడు దాని మీద ఏం రాసుందో ఒక్కసారి చూడండి. అలాగే మూత బిగించే ముందు అంచున నల్ల దారంలాంటి రబ్బరు వాషరు ఉందో లేదో చూడండి. గబగబా మూత నొక్కేటప్పుడు అది నలిగిపోతుంది, లేదా బల్ల మీదే మిగిలిపోతుంది. ఆ తర్వాత చెయ్యి కడుక్కున్నా నీళ్ళు లోపలికి పోతాయి.

ఇప్పుడు నా అవమానం.

మా నాన్నది హెచ్ఎంటీ జనతా. కీ ఇచ్చే వాచీ. 1961లో బెంగళూరులో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వాచీల వంశం. పదిహేడు రాళ్ళు, సెకనుకి అయిదు టిక్కులు. మా నాన్న పొద్దున పళ్ళు తోముకుని, చేతులు తుడుచుకుని, వాచీని చేతి నుంచి తీసి కీ ఇచ్చేవారు. చేతికి ఉండగానే తిప్పితే కీ పక్కకి వాలుతుంది, లోపలి సన్న కడ్డీ వంగుతుంది అనేవారు. తడి చేత్తో ముట్టుకోనిచ్చేవారు కాదు. తిప్పుతూ ఉంటే ఒకచోట గట్టిగా తగులుతుంది, అక్కడ ఆపాలి. ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందని ఊరంతా భయపడుతుంది గానీ, తగిలాక బలవంతంగా నొక్కితే తప్ప ఏమీ కాదు. పూర్తిగా కీ ఇవ్వకుండా సగం సగం ఇస్తేనే టైము అటూ ఇటూ అవుతుంది.

నేను ఇంటరు రెండో ఏడాదిలో ఉండగా ఆ వాచీ రోజుకి పది నిమిషాలు వెనకబడటం మొదలెట్టింది. నాన్న బడికి సెలవు పెట్టి టౌనుకి వెళ్ళలేక వాయిదా వేస్తున్నారు. సాయం చేద్దామని, ఒక ఆదివారం ఆయన నిద్రపోతుండగా మూత తీసి, అమ్మ కుట్టుమిషను నూనె డబ్బా ముక్కుతో రెండు చుక్కలు వేశాను. కుట్టుమిషను దానితో హాయిగా తిరుగుతోంది కదా అని. ఆ సాయంత్రం వాచీ ఇరవై నిమిషాలు ముందుకి పరిగెత్తింది. మర్నాటి పొద్దుటికి ఆగిపోయింది.

టౌనులో బట్టల కొట్టు అరుగు మీద అద్దాల పెట్టె పెట్టుకుని కూర్చునే ముసలాయన మూత తీసి చూసి, "ఇందులో ఎవరు నూనె పోశారు?" అన్నాడు. నాన్న నా వైపు చూశారు. "వాచీకి నూనె పోయరు బాబూ, పెడతారు" అన్నాడాయన. ఆ మాటకి అర్థం అప్పుడు తెలియలేదు. సూది మొన మీద నిలిచేంత నూనె, అదీ ఇరుసు రాయిలో కూర్చునే చోట మాత్రమే. హెయిర్ స్ప్రింగు అనే చుట్టకి నూనె తగలనే కూడదు. తగిలితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టే, వాచీ పరిగెడుతుంది. నేను చేసింది సరిగ్గా అదే. ఆయన మొత్తం విప్పి, పెట్రోల్లో ముంచి, కుంచెతో తుడిచి, రబ్బరు బుడ్డితో గాలి ఊది, మూడు రోజుల తర్వాత ఇచ్చాడు. ఆ మూడు రోజులు నాన్న ఖాళీ మణికట్టు చూసుకోవడం, ఆ తర్వాత నా వైపు చూడకపోవడం నాకింకా గుర్తే.

కీ వాచీని కాపాడుకోవడం అంటే ఆ నూనెని కాపాడుకోవడమే. లోపలి నూనె నాలుగైదేళ్ళలో ఎండి జిగురవుతుంది. దానిలో ధూళి కలిస్తే ఇరుసుల్ని అరగదీస్తుంది. "తిరుగుతూనే ఉంది కదా" అనుకుంటాం. తిరుగుతూనే అరిగిపోతుంది. పెట్టెలో ఇరవై ఏళ్ళు పడున్న తాతగారి వాచీ దొరికితే ముచ్చటపడి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోవడం సహజమే. ఒక నిమిషం వినండి, తప్పులేదు. కానీ సర్వీసు చేయించకుండా రోజూ పెట్టుకోవద్దు. విడిభాగాలు కూడా మునుపటిలా దొరకవు. హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకి 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది. ఇప్పుడు ఒక వాచీ బతకాలంటే ఇంకో వాచీని విప్పాల్సిందే. ఆన్‌లైన్లో ఎర్ర, నీలం డయళ్ళతో తళతళలాడుతూ "కొత్త జనతా" అని చవకగా కనిపించేవి చాలావరకు పాతవాటికి డయలు మళ్ళీ రంగేసినవే. సరదాకి కొనుక్కోండి, నాన్నగారి వాచీకి జోడీ అనుకుని కొనకండి.

మనకీ ఒక సొంత వాచీ ఉండేది. హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు, ఫ్రిజ్‌లు చేసే ఆల్విన్ వాళ్ళే, 1980లలో సైకో సాంకేతికతతో చేతి గడియారాలు చేశారు. ఇవాళ మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా అనే పేరు మిగిలింది. మీ ఇంట్లో ఎక్కడైనా ఆల్విన్ వాచీ ఉంటే పారేయకండి.

ఇలాంటి పాత వాచీల అద్దం నిజానికి అద్దం కాదు, ఒకరకం ప్లాస్టిక్. గీతలు పడితే దూది మీద కాస్త తెల్ల టూత్‌పేస్టు వేసి, గుండ్రంగా రెండు మూడు నిమిషాలు రుద్దితే చాలావరకు పోతాయి. ఈ చిట్కా మాత్రం ప్లాస్టిక్ అద్దానికే. ఇప్పటి వాచీల గాజు మీద ఉపయోగం లేదు, బంగారు పూత మీద రుద్దితే పూత పోతుంది. గోటితో తట్టి చూడండి, టక్‌మని కాక మెత్తగా మోగితే ప్లాస్టిక్.

గల్ఫ్‌లో మనవాళ్ళ చేతికి ఎక్కువగా కనిపించే ఇంకో రకం ఆటోమేటిక్. సెల్లు లేదు, రోజూ కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి ఊగుతుంటే లోపల అర్ధచంద్రాకారం బరువు తిరిగి స్ప్రింగు బిగిస్తుంది. సైకో 5 దాకా చాలామంది ఇక్కడ కొని ఊరికి పంపినవే. ఇందులో చాలాకాలం వచ్చిన 7ఎస్26 అనే మిషనుకి కీతో స్ప్రింగు బిగించే వీలే లేదు. అది తెలియక ఒకాయన "కీ తిప్పుతుంటే తిరుగుతూనే ఉంది, తెగిపోయింది" అని బాధపడుతూ తెచ్చాడు. చేత్తో పట్టుకుని ఊయల ఊపినట్టు ఇరవై ముప్పై సార్లు ఊపితే లేస్తుంది. మందు సీసా కుదిపినట్టు కుదపక్కర్లేదు. ఒకటిన్నర రోజు పక్కన పెడితే ఆగుతుంది, అది జబ్బు కాదు.

తేదీ చూపించే ఏ వాచీకైనా రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీని కీతో మార్చకండి. ఆ సమయంలో లోపలి పళ్ళచక్రం తేదీని నెట్టడానికి అప్పటికే పట్టుకుని ఉంటుంది, మనమూ నెడితే పళ్ళు విరుగుతాయి. వాచీలో రాత్రో పగలో తెలియకపోతే, ముందు ముళ్ళని ఆరున్నర దగ్గరికి తెచ్చి అప్పుడు తేదీ మార్చండి. ఇంకొకటి, బాగా నడిచే వాచీ ఉన్నట్టుండి రోజుకి అయిదు పది నిమిషాలు ముందుకి పోతుంటే విప్పించకండి. ఫోను కవరులోని అయస్కాంతం పక్కన రాత్రంతా పెట్టి ఉంటారు. దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదులుతుంది. అయస్కాంతం తీసే చిన్న పెట్టె రిపేరు షాపుల్లో ఉంటుంది, పని నిమిషంలో అయిపోతుంది.

ఇక ఈ ఊరి సంగతి. 2016 జూలై 21న కువైట్ ఎడారిలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచిన వేడి. మూసిన కారు డాష్‌బోర్డు మీద ఎంత ఉంటుందో ఊహించుకోండి. డ్రైవరు తమ్ముళ్ళు వాచీ తీసి అక్కడే పెడతారు. అంకెల వాచీ అయితే తెర మొత్తం నల్లబడుతుంది. చల్లబడ్డాక మామూలవుతుంది గానీ, ఆ వేడికి సెల్లూ, రబ్బరు వాషర్లూ ఆయుష్షు పోగొట్టుకుంటాయి. వెలుతురుతో నడిచే ఎకో డ్రైవ్ లాంటివాటిని ఎండలో చార్జి చేద్దామని డాష్‌బోర్డు మీద పెట్టడం మరీ ప్రమాదం. గదిలో కిటికీ పక్కన వెలుతురు చాలు. అలాగే వాటిని నెలల తరబడి చీకటి డ్రాయరులో పెట్టకండి.

సబా అల్ సలేం సముద్రానికి దగ్గర. ఆగస్టులో గాలి తూర్పుకి తిరిగిందంటే చొక్కా పిండుకోవచ్చు. ఏసీ గదిలోంచి బయటికి అడుగు పెట్టగానే వాచీ అద్దం మసకబారుతుంది. వేలితో తుడిస్తే పోతే భయం లేదు, అది బయటి తేమ. తుడిచినా పోకపోతే తేమ లోపలుంది, ఆ రోజే చూపించాలి. బియ్యం డబ్బాలో పెడితే పీల్చేస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. లోపలికి దారి పడిన వాషరుని బియ్యం బాగుచేయదు.

వాచీ మీద "30 మీటర్లు" అని ఉంటే ముప్పై మీటర్ల లోతుకి దిగవచ్చని కాదు. కొత్తగా ఉన్నప్పుడు, కదలని నీటి ఒత్తిడిలో పరీక్షించిన లెక్క అది. చేతులు కడుక్కునేటప్పుడు చిలికే నీళ్ళకి సరి, అంతే. ఈతకి కనీసం వంద ఉంటే నిశ్చింత. వేడినీళ్ళ స్నానానికి ఏదీ వద్దు. ఉజూ చేసుకునే ముందు వాచీ విప్పి పక్కన పెట్టే అలవాటున్న మా ఆఫీసు పెద్దాయన వాచీ ఇరవై ఏళ్ళుగా ఒక్క చుక్క నీరెరగదు.

చైను కడగడం మాత్రం మీరే చేసుకోవచ్చు. నాకు బాగా ఇష్టమైన పని. వీలైతే చైను వాచీ నుంచి ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పావుగంట నాననివ్వండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో కొక్కేల మధ్య తోమండి. నల్లటి మడ్డి దిగుతుంది. చెమట, ఉప్పు, చర్మం పొట్టు, ఇక్కడి దుమ్ము కలిసిన ముద్ద అది. చేతి మీద దురద స్టీలు పడక అని చాలామంది అనుకునేది, చాలాసార్లు ఈ మడ్డి పడకే. మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో ఒత్తి, బాగా ఆరాకే వాచీకి తగిలించండి. ఊడదీయడం రాకపోతే తడిగుడ్డతో తుడవండి, వాచీని గిన్నెలో ముంచకండి. తోలు బెల్టుకి నీళ్ళు వద్దు. పొడిగుడ్డతో తుడిచి, రాత్రి గాలి తగిలేలా పెట్టి, వేసవిలో రోజు మార్చి రోజు పెట్టుకుంటే వాసన రాదు. అత్తరు, సెంటు ముందు పూసుకుని ఆరాక వాచీ పెట్టుకోండి. తోలుకీ, ప్లాస్టిక్కుకీ, పూతకీ అవి పడవు. దుమ్ము తుఫాను లేచిన రోజు మాత్రం ఎంత నేర్పరి అయినా ఇంట్లో వాచీ మూత తీయకూడదు.

రాజంపేట తమ్ముడి వాచీని ముబారకియా బజారు దగ్గర నాకు తెలిసిన ఒక షాపుకి తీసుకెళ్ళాం. తీగ చుట్ట పోయిందని తేల్చాడు. మొత్తం మిషనే మార్చేస్తే నడుస్తుంది, ఖర్చూ తక్కువే అన్నాడు. తమ్ముడు కాసేపు ఆలోచించాడు. "లోపలిది మారిస్తే అది మా నాయన గడియారమేనా అన్నా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. చివరికి మార్పించి తన చేతికే పెట్టుకున్నాడు. ఆ ప్లాస్టిక్ కాగితం ముక్క కూడా నా ముందే పీకేశాడు.

నాయనకి మరి? కీ వాచీ పంపితే రోజూ ఎవరు తిప్పుతారు, ఆటోమేటిక్ బీరువాలో ఎలాగూ ఆగుతుంది, వెలుతురు వాచీకి చీరల మధ్య వెలుతురేదీ అని ఇద్దరం కూర్చుని లెక్కలు వేశాం. ఆఖరికి 1989 నుంచీ అదే రూపంలో వస్తున్న కాసియో ఎఫ్ 91 డబ్ల్యూ కొన్నాం. చవక. సెల్లు ఏడేళ్ళు వస్తుందని కంపెనీ మాట. ఊరికి వెళ్ళే వాళ్ళ చేతికిచ్చి పంపాడు.

పోయిన శుక్రవారం వచ్చినప్పుడు అడిగాను, నాయన పెట్టుకుంటున్నాడా అని.

"యాడ పెట్టుకున్నాడన్నా, మళ్ళా బీరువాలోనే పెట్టినాడు. కాకపోతే దాంట్లో గంటకోసారి బీప్ అని కొట్టేది ఆన్ చేసి పంపిచ్చిన్యాం కదా. రాత్రంతా బీరువాలో అరుస్తా ఉంటే మా యమ్మకి నిద్ర పట్టలా. మూడో రోజు తీసి మా నాయన చేతికి ఆమే కట్టింది."